గంగాలమ్మ అద్దె కాగితం

తిరుమలరావు పేరెత్తితేనే నాకు అసహ్యం. పక్కింట్లోనే ఉంటాను కాబట్టి అన్నీ చూశాను, చెబుతాను వినండి.

ఆయన ఇంటి వెనక పోర్షన్‌లో గంగాలమ్మ అద్దెకుంటోంది. సముద్రపొడ్డున యారాడ మనిషి. భర్త పోయాక కూతురు ఈశ్వరిని తీసుకుని పెందుర్తి వచ్చేసింది. తట్ట నెత్తిన పెట్టుకుని మా కాలనీలో చేపలమ్ముతుంది. పోయిన ఆగస్టులో స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నారు. ఒక కాపీ తన దగ్గర ఉంచుకోవాలని ఆమెకు తోచలేదు. వాళ్ల నాన్న పడవలో వాటా కుదిరితే కాగితం రాసేవాడు కాదట. మంచి చేప ఒకటి ఇచ్చేవాడు, అవతలివాడు వండుకు తింటే మాట ఖాయమైనట్టే. ఈమె కూడా రెండు కిలోల కోనాం చేప ఇచ్చింది. తిరుమలరావు పులుసు పెట్టించుకుని శుభ్రంగా తిన్నాడు.

జనవరి ఆఖర్లో, ఈశ్వరి పదో తరగతి పరీక్షలకు యాభై రోజులుందనగా, పరవాడ కంపెనీల్లో పనిచేసేవాళ్లెవరో ఆ పోర్షన్‌కి ఎక్కువ అద్దె ఇస్తామన్నారు. మర్నాడే పెద్దమనిషి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటే గంగాలూ, పది రోజుల్లో కాళీ సేసీయ్. సేపల కంపు బరించలేకపోతన్నాం."

"అదేటి బాబూ, పిల్లకి పరీచ్చలు! కాయితంలో ఏటి రాసుకున్నాం?"

"కాయితం ఎక్కడో పోనాది. నాను సెప్పిందే కాయితం."

ఆదివారం వస్తే ఆమె తట్టలోంచి చందువలు ఏరుకుని, పైసా ఇవ్వకుండా లోపలికి పోయే మనిషికి కంపు కొట్టిందట. ఛీ!

మూడో రోజు నీళ్ల మోటారు ఆపేశాడు. చదువుకోవాల్సిన పిల్ల మా ఇంటినుంచి బిందెలు మోసింది.

ఇక లాభం లేదని, అగ్రిమెంటు టైపు చేసిన గవర్రాజు కొట్టుకి గంగాలమ్మని నేనే తీసుకెళ్లాను. కంప్యూటర్లో అలాగే ఉంది. ప్రింటు తీశాడు.

"ఇదిగో అప్పా, ఇను. గడువు లోపల ఎవలు కాదన్నా రెండు నెలల ముందు రాసివ్వాల, నోటిమాట సెల్లదు. నీళ్లు ఓనరే ఇవ్వాల. సంతకాలున్నది ఆయన కాడే ఉండిపోనాది గానీ, సాచ్చి సంతకం నాదే. రమ్మంటే వచ్చి సెప్తాను."

ఆ ప్రింటు పట్టుకుని గంగాలమ్మ, ఎదురుగా తిరుమలరావు గేటు ముందు నిలబడ్డారు. వీధంతా పోగైంది.

"పిల్ల పరీచ్చలయ్యాక కాళీ సేత్తాను బాబూ. రెండు నెలల నోటీసు రాసి, తారీకు ఏసి ఇచ్చీ. మోటారెయ్యి."

"సేపలమ్ముకునేదానివి, నాకు లా పాయింట్లు సెప్తన్నావా?"

లోపల్నించి వాళ్లావిడ తాయారు అరిచింది. "రాసిచ్చీండి! ఈదిలో పరువు పోతంది."

రాశాడు. ఆ కాగితం కూడా ఆమె చేతికి ఇవ్వలేదు. వేళ్లు తగులుతాయేమోనని గోడ మీద పెట్టి, చిటికెన వేలితో ఇటు తోశాడు. చూస్తుంటే నాకే ఒళ్లు మండింది. గంగాలమ్మ మాత్రం తీసుకుని, అందరూ వినేలా ఈశ్వరి చేత తారీకుతో సహా చదివించింది.

మోటారు మోగింది. ఈశ్వరి లోపలికెళ్లి లెక్కల పుస్తకం తీసింది.