ఏసానికి చప్పట్లు, ఏసాలకి తిట్లు: విజయనగరం నుంచి శ్రీకూర్మం తీరం దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక చున్నీ. విజయనగరంలో మా సైకిల్ గుంపులో ఆరుగురున్నారు. ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీద గిరగిరా తిరగడం, మెట్ల మీద నుంచి సైకిలుతో సహా దూకడం వాళ్ళ పని. మామూలు సైకిలు తొక్కుకుంటూ వాళ్ళ వెనకాలే తిరిగి ఫొటోలు తీయడం, యాభై దాటిన నా పని. త్వరలో ఒక చిన్న హాల్లో ఆ ఫొటోలు గోడకి పెడుతున్నాం, మనిషికొకటి చొప్పున. ఏరుదామని కూర్చుంటే ఐదుగురు మగపిల్లలకీ ముఖాలున్నాయి. ఆరో మనిషి, దేవికి లేదు. నేను తీసిన ప్రతి ఫొటోలోనూ ఆమె కళ్ళు తప్ప మిగతాదంతా చున్నీయే. ఎండ కోసం కట్టుకున్నది కాదు అది. ఊరివాళ్ళెవరైనా గుర్తుపట్టి ఇంటికి ఫోన్ చేస్తారని కట్టుకున్నది.

దేవికి ఇరవై మూడేళ్ళు. పని ఇక్కడ సెల్‌ఫోన్ల దుకాణంలో, బస హాస్టల్లో. సొంతూరు శ్రీకూర్మం దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ పేట. "ముఖం లేకపోతే నా ఫొటో పెట్టొద్దు పిన్నీ," అంది. "ముఖంతో పెడితే మాత్రం అది మా ఊళ్ళోనే తియ్యాల. దొంగలాగ పట్నం గోడ మీద కనపడతానేటి?" అందుకే బయల్దేరాం. నేను, దేవి, గుంపులోనే సైకిళ్ళు బాగుచేసే సంతు, పైన క్యారియర్ ఉన్న పాత వ్యానుతో డ్రైవరు అప్పన్న. రోజుకి మూడు వేలు, డీజిల్ మనదే. నలుగురైదుగురు కలిస్తే భారం కాదు.

తెల్లారగానే గంటస్తంభం దగ్గర మొదలుపెట్టాం. అంగళ్ళు తెరవకముందు అక్కడ తారు నున్నగా, ఖాళీగా ఉంటుంది. సంతు రెండు చుట్లు తిరిగాడో లేదో కానిస్టేబుల్ వచ్చాడు.

"బైకు స్టంట్లని కంప్లైంటొచ్చింది. లైసెన్సేదిరా?"

"సైకిలండి, సార్."

"మరి బైకంటన్నారు?"

"ఇంగ్లీషులో దీన్నీ బైకే అంటారండి."

"ఇంగ్లీషు నాకు సెప్పకు. తియ్ ఇక్కణ్ణించి."

అతనలా అంటుండగానే నిజమైన బైకులు రెండు, ముందు చక్రాలు లేపి, సైలెన్సర్లు పీకేసి, మా పక్కనుంచే దూసుకుపోయాయి. పాలపాకెట్లు మోసుకెళ్తున్న ముసలాయన గోడకి అతుక్కుపోయాడు. "మరి వాళ్ళ సంగతేమిటి?" అన్నాను. కానిస్టేబుల్ నా వైపు జాలిగా చూశాడు. "ఆళ్ళు పెద్దోళ్ళ పిల్లలు మేడమ్. మీకు తెల్దేటి?" తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు మండుతుంది. ఈ ఊళ్ళో చట్టం సైకిలుకి వర్తిస్తుంది, పెట్రోలు పోస్తే వర్తించదు.

చీపురుపల్లి మీదుగా రాజాం గంటన్నర దారి. దారిలో ఒక పాకహోటల్లో వేడివేడి ఇడ్లీ తిన్నాం. వ్యాను మీది సైకిళ్ళని చూసి పొయ్యి దగ్గరావిడ, "ఏటమ్మా, సీటు అంత కిందకుంది, మరుగుజ్జుల కోసమేటి?" అంది. "కూకోడానికి కాదు పెద్దమ్మా, ఎగరడానికి," అంది దేవి. "ఎగరడానికా? మరి డబ్బులెట్టి సీటెందుకు కొన్నారే?" అందరం నవ్వాం. రోజు మొత్తంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

రాజాం పొలిమేరలో ధాన్యం ఎండబెట్టే సిమెంటు కళ్ళం ఒకటి చూసుకుని ఉంచాం. కోతలు లేని రోజుల్లో దానంత మంచి నేల మన జిల్లాల్లో దొరకదు. కళ్ళం రైతు, నా వయసువాడే, సంతోషంగా ఒప్పుకున్నాడు. సంతు వెనక చక్రం మీద బొంగరంలా తిరుగుతుంటే, "ఓరి నీ దుంపతెగ, పడిపోతావురా," అని మురిసిపోయాడు. తర్వాత దేవి హేండిల్ పట్టుకుంది. ఆయన ముఖం మారింది.

"గుంట కూడానేటి? గుంటలకెందుకమ్మా ఈ ఏసాలు?"

ఆడపిల్లని ఇక్కడ గుంట అంటారు, వేషాలని ఏసాలంటారు. ఆ మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. గట్టిగా నవ్వితే ఏసాలు, ఎదురు చెబితే ఏసాలు.

"మీ ఊళ్ళో జాతరకి పులేసం కట్టిస్తారా?" అన్నాను.

"కట్టించకుండా ఉంటామేటి."

"ఒళ్ళంతా రంగులు పూసుకుని వీధిలో గెంతితే డబ్బులిచ్చి చప్పట్లు కొడతారు. అది ఏసం. ఈ పిల్ల నిండా బట్ట కట్టుకుని సైకిలు తొక్కితే ఏసాలా?"

ఆయన కోప్పడలేదు. చాలా మామూలుగా చెప్పాడు. "అది మగోళ్ళు కడతారు కదమ్మా."

ఇంక దాపరికమేముంది? ఒక్కటైతే కళ, మగవాడిది. బహువచనం చేస్తే బరితెగింపు, ఆడదానిది. సంస్కృతి అని మనం ఊరేగించేదాని వ్యాకరణం ఇదీ. నేనింకా వాదిస్తూనే ఉన్నాను. ఈలోగా దేవి సైకిలు తీసుకెళ్ళి వ్యాను ఎక్కించేసింది. "పిన్నీ, మీరు గెలిసేసరికి పొద్దు పోతాది. పదండి."

చిలకపాలెం దగ్గర హైవే ఎక్కి, శ్రీకాకుళంలో భోజనం చేసి, శ్రీకూర్మం దాటి సముద్రం చేరేసరికి నాలుగైంది. పేట చివర తుఫాను షెల్టరు ఉంది. ముసలివాళ్ళనీ రోగులనీ పైకి మోసుకెళ్ళడానికి దానికి మెట్లతో పాటు వాలుబాట కూడా కట్టారు. ఆ సమయానికి ఎండ ఊరివైపునుంచి నేరుగా దాని మీద పడుతుంది, వెనకంతా నీలం. ఫొటోకి అంతకంటే ఏం కావాలి?

వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తలలెత్తారు. వాళ్ళలో దేవి అక్క మొగుడున్నాడు.

"ఒసే దేవీ, ఏటే ఇక్కడ కూడా ఏసాలు? మీయమ్మని రానీ."

నేను నోరు తెరిచాను. దేవి నా వైపు తిరిగింది. "మీరు మాటాడకండి పిన్నీ. కెమెరా సూసుకోండి." చున్నీ ఇంకా ముఖం మీదే ఉంది. సొంత ఊరికొచ్చాక దాన్ని తీయడానికి ఆమెకి చేతులు రాలేదు.

అలాగే తొక్కింది. వాలుబాట మీదుగా పైకెళ్ళి, మలుపులో ముందు చక్రం లేపి, వెనక్కి తిరిగి, కిందికి దూకింది. పిల్లలు అరిచారు. రెండోసారి వెళ్తుంటే వాళ్ళమ్మ వచ్చింది. సంతలో చేపలమ్మి తిరిగొస్తోంది, నెత్తిమీద ఖాళీ తట్ట. కూతురు సైకిలు తొక్కుతుందని ఆవిడకి తెలుసు, ఇలా తొక్కుతుందని తెలియదు. దేవి దూకింది. ఆ అదురుకి ముడి వదులై చున్నీ కొంగు వెనక చక్రం పక్కన ఊగింది. తట్ట కింద పడేసి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. హేండిల్ పట్టి ఆపింది.

"సచ్చిపోతావే. ఆ గుడ్డ గొలుసులో పడితే మెడకి సుట్టుకుంటాది. బుద్దుందా?"

"మరి ముకం కనపడతాదని—"

"ముకం కనపడితే పేణం పోద్దా?" తనే ముడి విప్పింది. మడతపెట్టి తన నడుముకి చుట్టుకుంది.

"అత్తా, జనం సూస్తన్నారు," అన్నాడు అల్లుడు.

"సూడనీ బాబూ. సూడ్డానికి కాపోతే ఏసం దేనికి కడతారు?"

ఏసాలనలేదు. ఏసం అంది.

మూడోసారి దేవి పైకెళ్ళి, చక్రం లేపి, నావైపు చూసింది. తీశాను. అల్లుడు వల వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

తల్లి మనసు కరిగిందని ఇక్కడ చప్పట్లు కొట్టే పాఠకులకి నా మనవి, కొట్టకండి. ఇరవై మూడేళ్ళ మనిషి తన ముఖం తన ఊళ్ళో చూపించుకోవడానికి ఒకరి భయం, ఇంకొకరి దయ ఎందుకు కావాలి? ఆవిడ చున్నీ విప్పింది ప్రాణం కోసం. దాన్ని కట్టించినవాళ్ళు రేపు కూడా వలల దగ్గరా, కళ్ళాల్లో, గంటస్తంభం కింద కూర్చునే ఉంటారు. ఫొటో గోడకెక్కుతుంది, ముఖంతోనే. దాని కింద ఏం రాయాలని అడిగితే దేవి ఒక్క మాట చెప్పింది: ఏసం.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. చున్నీ కట్టుకుని సైకిలెక్కకండి. గొలుసులో పడుతుంది.