పాట ఎవరి మీద

తూర్పు ఆఫ్రికా తీరంలోని టాంగా ఊళ్లో నసీమ్ పాటల బృందానికి అభిమానులు చాలామందే ఉన్నారు గానీ, జోఖా లాంటి అభిమాని ఇంకొకరు లేరు. ఇది ఊరంతా ఒప్పుకున్న మాట. ఒప్పుకోనివాళ్లు ఎవరైనా మిగిలితే వాళ్ల చేత జోఖాయే ఒప్పించేది. పెళ్లికాని పిల్లగా ఉన్నప్పుడు తొలిసారి వాళ్ల తారబ్ పాటల కచేరీకి వెళ్లింది. ఇప్పుడు పెళ్లికూతుళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని కాపురం పాఠాలు చెప్పే పెద్దమనిషి అయింది. ఈ మధ్యలో బృందంలో ఒక వయొలిన్ ఆయన చనిపోయాడు, అకార్డియన్ ఆయన మస్కట్ వెళ్లి షాపు పెట్టుకున్నాడు, పాడేవాళ్లు ముగ్గురు మారారు. ముందు వరసలో జోఖా కుర్చీ మాత్రం మారలేదు.

కొత్త ఆల్బం ఆరేళ్ల తర్వాత వచ్చింది. ముందు ఫోన్లలోకి వచ్చింది. జోఖా పొద్దున్నే వీధరుగు మీద పొయ్యి వెలిగించి, కొబ్బరిపాలతో కలిపిన బియ్యప్పిండి పెనం గుంటల్లో పోసి వితుంబువా కాలుస్తూ ఫోన్లో పాట పెట్టుకుంది. మొదటి పాట అయ్యేసరికే మొదటి వాయి మాడింది. వయొలిన్లు లేవు. వాటి బదులు కీబోర్డు మీద ఏదో మీట నొక్కి, ఇదే వయొలిన్ అనుకోండి అన్నట్టు వదిలేశారు. పాటకీ పాటకీ దరువు ఒకటే. ఇప్పుడు పాడే షెమ్సా గొంతుకి కూడా ఏదో మెరుగు పెట్టి, గొంతులోని మనిషిని తీసేశారు. జోఖాకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

ఎదురింటి మ్వాకా వితుంబువా కొనడానికి వచ్చి కాసేపు విని నవ్వింది.

"ఏంటక్కా, మీ వాళ్లు ఈసారి ఐస్‌క్రీం బండి కొన్నారా?"

"లారీ హారన్‌కి అలవాటుపడ్డ చెవులమ్మా నీవి. వాటికి పాటేం తెలుస్తుంది," అంది జోఖా.

అభిమానుల బతుకే అంత. లోపల ఎంత మండినా, పైవాళ్లు ఒక్క మాటంటే మీదపడి కరుస్తారు.

మ్వాకా మొగుడు సేఫూ లారీ తోలుతూ సరిహద్దు దాటి కాంగోలోని లుబుంబాషీ దాకా వెళ్తాడు. రెండు మూడు నెలలకోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా అత్తరో దుప్పటో తెస్తాడు. తెచ్చింది వీధిలో ప్రతి గడపకీ చూపిస్తేగానీ మ్వాకాకి అన్నం సయించదు. ఆమెలో చెడ్డతనం లేదు, వట్టి వాగుడే. అయినా మొగుడి మాట ఎత్తినప్పుడల్లా జోఖాకి ఒళ్లు మండేది.

దానికి కారణం ఉంది. జోఖా మొగుడు బకారీ పడవ మీద పెంబా దీవికి వెళ్లి, అక్కడే ఇంకో పెళ్లి చేసుకుని, మనిషి చేత తలాక్ కబురు పంపి మూడేళ్లవుతోంది. ఆ సంగతి వీధికి తెలియదు. సరుకు పడవ మీద కొమొరోస్ దీవుల దాకా తిరుగుతున్నాడని చెప్పింది జోఖా. అప్పుడప్పుడు సాయంత్రం మగచెప్పుల జత గుమ్మం ముందు పెట్టి, తెల్లవారకముందే తీసేసేది. రాత్రి వచ్చాడు, తెల్లవారుజామున పోటుకే మళ్లీ బయల్దేరాడు అనేది. వానాకాలంలో ఆ చెప్పులకి తనే బురద పూసేది. మొగుణ్ణి నిలబెట్టుకోలేనిదాని దగ్గర కాపురం నేర్చుకోమని ఏ తల్లి కూతుర్ని పంపుతుంది? మొగుడు పోయినా బతకగలదు. ఆ పెద్దరికం పోతే మాత్రం వీధిలో తలెత్తుకోలేదు.

ఒక్క షెమ్సాకి చెప్పుకుంది. ఒక మధ్యాహ్నం షెమ్సా అరుగు మీద కూర్చుని తింటూ "ఏంటక్కా, చిక్కిపోయావు," అన్న పాపానికి మొత్తం చెప్పేసి ఏడ్చింది. షెమ్సా కూడా ఏడ్చింది. పాడే గొంతు కదా, నమ్మబుద్ధవుతుంది.

ఆదివారం సాయంత్రం రేవు దగ్గరి హాల్లో ఆల్బం పండగ. ఆల్బంలో ఆఖరి పాట ఫోన్లలోకి వదలకుండా వేదిక మీదే మొదట వినిపించడం నసీమ్ వాళ్ల అలవాటు. జోఖా బలగం అంతా ఒకే రంగు, ఒకే పువ్వు గుడ్డతో కుట్టించుకున్న గౌన్లు వేసుకుని ముందు వరస నింపేసింది. మ్వాకా రెండో వరసలో కూర్చుంది, కొత్త అత్తరు పూసుకుని.

తారబ్ హాల్లో ఆడవాళ్లు నోటితో పోట్లాడుకోరు. పాటలో ఎవరికో అతికే చరణం వస్తుంది. అప్పుడు లేచి, పాడేవాళ్లకిచ్చే డబ్బు నోటు పైకెత్తి పట్టుకుని, మెల్లగా ఊగుతూ వేదిక దాకా నడవాలి. నడుస్తూ ఎవరి వైపు తిరిగి నవ్వుతావో ఆ పాట వాళ్లదే. పేరు చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి ఊరికి తెలిసిపోతుంది.

ముందరి ఆరు పాటలూ కీబోర్డు మోతలోనే గడిచాయి. జోఖా చప్పట్లు కొడుతూనే ఉంది, చేతులకి మనసు లేకుండా. అప్పుడు పక్కనుంచి ముసలి వయొలిన్ ఆయన్ని, ఎప్పుడో మానేసిన మ్జే కొంబోని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కమాను వేశాడు. మొదటి స్వరానికే జోఖా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదీ నసీమ్ అంటే. ఇన్నేళ్లూ ఈ పాట కోసమే ఆ కుర్చీలో కూర్చుంది. షెమ్సా కళ్లు మూసుకుని ఎత్తుకుంది:

"అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు మొగుడి గొప్పలే చెప్పేది,
వీధి వీధిని పిలిచి తనదే కాపురమంటూ మురిసేది."

జోఖా లేచింది. సంతోషంతో సగం, కసితో సగం. ఈ పాట మ్వాకా కోసమే పుట్టిందనుకుంది. నోటు పైకెత్తి, నడుము ఊపుతూ, వెనక్కి తిరిగి మ్వాకా కళ్లలోకి చూసి నిండుగా నవ్వింది. హాలంతా కేరింతలు కొట్టింది. మ్వాకా కూడా నవ్వబోయింది గానీ కుదరలేదు. జోఖా వేదిక ముందుకి చేరి నోటు అందించబోతుండగా రెండో చరణం వచ్చింది:

"గుమ్మం ముందర చెప్పులున్నవి, గుమ్మం లోపల మనిషి లేడు,
వానలు పడితే బురద పూసెను, వచ్చే అడుగు ఒకటీ లేదు."

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. షెమ్సా కళ్లు తెరిచింది, జోఖాని చూసింది, మళ్లీ మూసేసుకుంది. పాట ఆపలేదు.

వెనక్కి వెళ్లి కూర్చుంటే పని అయిపోయినట్టే. మధ్యలో తగ్గినదానిదే పాట. ఆ లెక్క జోఖా కంటే బాగా ఎవరికీ తెలియదు. నోటు షెమ్సా చేతిలో పెట్టింది. సంచిలో ఉన్నవి కూడా తీసి ఒక్కొక్కటే పెట్టింది. ప్రతిసారీ మ్వాకా వైపు తిరిగింది, ప్రతిసారీ నవ్వింది. అంత అవమానంలోనూ ఆమె చెవి మాత్రం వయొలిన్‌నే వింటోంది. ఆల్బం మొత్తానికీ మంచి పాట అదొక్కటే. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది.

కచేరీ అయ్యాక తెర వెనక షెమ్సాని పట్టుకుంది.

"చెల్లెలివనుకుని చెప్పుకున్నానే."

"పేరు చెప్పానా అక్కా?" షెమ్సా చెవి కమ్మలు తీస్తూ అంది. "నువ్వే వచ్చి ఇంకొకళ్ల మీద వేశావు. నీ గుట్టు నీ దగ్గరే ఉంది. ఇంకేం కావాలి?"

"నా ఏడుపు అమ్ముకున్నావు."

"అవును. మిగతా ఆరూ కుర్రాళ్లు మిషన్లో చేసినవి. ఇదొక్కటీ నేను ఏడ్చి రాసింది." చిన్నపిల్లలా అడిగింది, "బావుందా అక్కా?"

బాలేదని అందామనుకుంది జోఖా. ఆ ఒక్క అబద్ధం మాత్రం నోట్లోంచి రాలేదు. ఇంటికొచ్చేసింది. వచ్చి, ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ బియ్యం సంచిలో కుక్కి మంచం కిందికి తోసేసింది.

పాట ఊరంతా పాకింది. మోటారు సైకిలు కుర్రాళ్లు, చేపల బజారు, క్షవరం కొట్టు, ఎక్కడ చూసినా అదే. మ్వాకా గుమ్మం ముందు ఆడవాళ్లు నడక నెమ్మదించి, చెప్పులున్నాయేమోనని కిందికి చూసి వెళ్లేవాళ్లు. మ్వాకా అరుగు మీదకి రావడం మానేసింది.

ఒకరోజు పొద్దున్న ఆమే వచ్చింది, అత్తరు లేకుండా. కొట్లాటకి వచ్చిందనుకుని జోఖా మాటలు సిద్ధం చేసుకుంది. మ్వాకా పొయ్యి పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, నిజం చెప్పు. సేఫూ సంగతి నీకేం తెలిసింది? ఇరవై రోజులుగా ఫోను కలవట్లేదు. అక్కడ ఇంకొకత్తిని పెట్టాడా? నీకు తెలియకపోతే నా వైపు అలా చూడవు కదా."

జోఖా గరిటె కింద పెట్టింది. తను చేసిన పని ఏమిటో అప్పుడు పూర్తిగా కనపడింది. లేచి వీధి తలుపు వేసి వచ్చింది.

"ఆ పాట నీ మీద కాదే. నా మీద."

అంతా చెప్పింది. పెంబా, తలాక్ కబురు, చెప్పులు, బురద, షెమ్సా ఏడుపు. చెబుతుంటే మూడేళ్ల బరువు దిగుతున్నట్టే అనిపించింది. మ్వాకా చివరిదాకా విని, కళ్లు తుడుచుకుని, తల అడ్డంగా ఊపింది.

"నన్ను ఓదార్చడానికి ఇంత పెద్ద మాట నీ మీద వేసుకోకక్కా."

"ఒట్టు. లోపలికొచ్చి చూడు, మగాడి చొక్కా ఒక్కటుందేమో."

"సముద్రం మీదుండే ఆయన చొక్కాలు ఇంట్లో ఎందుకుంటాయి?" మ్వాకా లేచి గౌను దులుపుకుంది. "నీ దగ్గర ఎంతమంది కాపురం నేర్చుకున్నారు, నిన్ను మొగుడు వదిలేస్తాడా? అందరికంటే ముందు లేచింది నువ్వే. సంచంతా దులిపి ఇచ్చింది నువ్వే. తన పరువు తీసే పాటకి డబ్బిచ్చే ఆడది ఉంటుందా ఎక్కడైనా?"

మ్వాకా ఆ మధ్యాహ్నమే ఇంటికి తాళం వేసి, మొగుణ్ణి వెతుక్కుంటూ సరిహద్దు బస్సు ఎక్కేసింది. జోఖా ముందే కనిపెట్టింది చూశావా అనుకున్నారు వీధిలో. సాయంత్రం ఇద్దరు తల్లులు వచ్చి, తమ పిల్లల్ని కాపురం పాఠాలకి నీ దగ్గరే కూర్చోబెడతాం అక్కా, మొగుణ్ణి నిలబెట్టుకోవడం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు అన్నారు. జోఖా సరేనంది.