నలభై ఎనిమిది కిలోమీటర్లు

మా ఊరి పాలకేంద్రం లెక్కలు పంతొమ్మిదేళ్లుగా నేనే రాస్తున్నాను. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, ఫ్యాటు ఎంత వచ్చిందో, బండి ఎన్నింటికి బయల్దేరిందో, అప్పుడు మీటరు ఎంత చూపించిందో అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. పాలబండి నాదే. నడిపేది మా తమ్ముడు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. అమ్మ పొలానికి పోతే చెయ్యి పట్టుకుని వాడికి నడక నేర్పింది అక్కనైన నేనే. మా వైపు అక్కను అప్ప అంటారు.

తొమ్మిది ఊళ్లలో క్యాన్లు ఎక్కించుకుని పొందూరు పక్కన పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లో దించి రావాలి. పొద్దున పదిహేడు కిలోమీటర్లు, సాయంత్రం పదిహేడు. రోజుకు ముప్ఫై నాలుగు. ఈ అంకె మారడానికి వీల్లేదని నా నమ్మకం.

పాత పికప్ పద్నాలుగేళ్లు నడిచి మూలపడ్డాక, ఎండాకాలం చివర్లో ఇంకొకటి కొన్నాం. సెకండ్ హ్యాండే కానీ కొత్త రకం. మీటరు ఇరవై రెండు వేలు దాటింది. అమ్మినాయన మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి మీటరు పక్కన వెలిగే ఏదో దీపం గురించి, సైలెన్సరు లోపల పొగమసిని పట్టే ఫిల్టరు గురించి చాలాసేపు చెప్పాడు. ఆ సమయంలో నేను కాగితాల మీది ఇంజన్ నంబరును బండి మీది నంబరుతో సరిచూసుకుంటున్నాను. ఒక్కో అంకె రెండేసిసార్లు చూశాను. ఆయన చెప్పింది మాత్రం వినలేదు.

కొన్న కొద్దిరోజులకే ఒక సాయంత్రం మీటరు రాసుకుంటే ముప్ఫై నాలుగుకు బదులు ఎనభై రెండు వచ్చింది. నలభై ఎనిమిది ఎక్కువ.

"ఇదేటిరా?" అని అడిగాను.

"దీపం ఎలిగిందప్పా. మసి కాల్చడానికి హైవే మీదకి ఎల్లాను."

"మసి కాల్చడమేటి? బండేటి పొయ్యా?"

"పొయ్యి లాంటిదే అనుకో. ఆగకుండా అరగంట జోరుగా తోలితే లోపల మసి దానంతటదే కాలిపోద్ది. మన ఊళ్ల మధ్య ఎక్కడ ఆగకుండా తోలుతాం? అందుకే ఎచ్చెర్ల దాకా ఎల్లొచ్చాను."

నాకది కథలా అనిపించింది. ముప్ఫై ఏళ్లు లారీ తోలినవాడికి కథలకేం తక్కువ అనుకున్నాను. ఆ రోజు అంకె కింద గీత గీసి ఊరుకున్నాను. పదకొండు రోజుల తర్వాత మళ్లీ నలభై ఎనిమిది. మళ్లీ పదకొండు రోజులకు ఇంకోసారి. మూడు గీతలు. కూడితే నూట నలభై నాలుగు కిలోమీటర్లు. వాడు పాలు దించేశాక ఎవరిదో సరుకు వేసుకుని వెళ్తున్నాడని నేను తేల్చేసుకున్నాను. అంకెలు చూసి మనిషిని తేల్చేయడం నా అలవాటు.

మూడోసారి వాడు వచ్చేసరికి సాయంత్రం పాలు పోస్తున్నారు. పదకొండు మంది వరుసలో ఉన్నారు. మా మరదలు, అంటే వాడి భార్య, నాలుగో మనిషి. ఆమె చేతిలో చెంబు కూడా నాకు గుర్తే. అందరి ముందూ పుస్తకం తెరిచి అన్నాను:

"పని లేకుండా నలభై ఎనిమిది కిలోమీటర్లు ఎవడు తిరుగుతాడ్రా? తిరుగుబోతోడు తిరగాల!"

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏటి మావా, హైవే మీద సిన్నిల్లేటైనా పెట్టావేటి?" అని వెనక నుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. మరదలు నవ్వలేదు. చెంబు అక్కడే దించి వెళ్లిపోయింది.

నేనన్నది బండి తిరుగుడు గురించే అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆడవాళ్ల ముందు మగవాణ్ణి ఆ మాటంటే దానికి ఏ అర్థం వస్తుందో నాకు తెలియక కాదు. నా వయసు అరవై ఎనిమిది.

తమ్ముడు "ఇప్పుడేటి సెయ్యమంటావప్పా?" అన్నాడు.

"ముప్ఫై నాలుగు దాటకూడదు. ప్రతి ఊళ్లో బండి ఆగగానే ఇంజను ఆపాల. ఊరికే డీజిలు తగలెట్టకు."

"దీపం ఎలిగితే?"

"ఎలగనీ."

"సరే. నువ్వు సెప్పినట్టే."

చెప్పినట్టే చేశాడు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులూ నా పుస్తకంలో ముప్ఫై నాలుగు తప్ప ఇంకో అంకె లేదు. ఆ పేజీ చూసి తృప్తి పడ్డాను కూడా. అదే రోజుల్లో మరదలు పాలు పక్కింటామె చేత పంపుతోందని, తమ్ముడు మా ఇంట్లో టీ తాగడం మానేశాడని గమనించాను. అవి రాసుకునే గడులు నా పుస్తకంలో లేవు.

పంతొమ్మిదో రోజు పొద్దున మూడో ఊరు దాటాక బండి పాకడం మొదలెట్టింది. ఎంత తొక్కినా ఇరవై దాటలేదట. దీపాలన్నీ వెలిగాయట. పాలు విరిగిపోకుండా రెండు ఆటోల్లో పంపి, బండిని ట్రాక్టరుకు కట్టి శ్రీకాకుళం షెడ్డుకు చేర్చాడు. నేను పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సులో వెళ్లాను. మీటరు 24,158 దగ్గర ఆగింది.

మెకానిక్ యాభై ఏళ్ల మనిషి. బండికి ల్యాప్‌టాప్ తగిలించి, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"మసి పూర్తిగా కాలింది మూడుసార్లేనండి, మీరు కొన్న తరవాత. 22,668 దగ్గర ఒకసారి. 23,094 దగ్గర. ఆకర్ది 23,509. ఆ తరవాత కాలడం మొదలెట్టి మద్దిలో ఆగిపోయినవి పద్నాలుగు. కాలతన్నప్పుడల్లా ఇంజను ఆపేసారు. ఎవరు తోలతన్నారు బండి?"

"నానే బాబూ," అన్నాడు మా తమ్ముడు.

"దీపం సూడ్నేదా?"

"సూసాను."

"సూసి ఆపేసావా? ఇన్నాళ్లు లారీలు తోలానంటన్నావు, ఇదేటయ్యా? ఎవడో కొత్త కుర్రోడు సేసాడంటే అనుకోవచ్చు. ముందు బాగానే తోలేవు కదా, మరి తరవాతేటొచ్చింది నీకు?"

"మతిమరుపు బాబూ. నాదే తప్పు."

ఆ మనిషి ఇంకా చాలా అన్నాడు. మా తమ్ముడు చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆపమన్నది నేనని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. అప్పుడు నేను సంచిలోంచి పుస్తకం తీసి పేజీలు తిప్పుతున్నాను. మూడు అంకెలూ నేను గీతలు గీసిన మూడు రోజుల్లోనే పడ్డాయి. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. వాడు చెప్పిన ప్రతి మాటా నిజమని మూడుసార్లు నా చేత్తోనే రాసుకున్నాను. తల ఎత్తేసరికి మెకానిక్ బండి కిందికి దూరాడు, తమ్ముడు టీ తేవడానికి బయటికి వెళ్లాడు. నాకు కూడా తెచ్చాడు, పంచదార లేకుండా.

ఫిల్టరు విప్పి శుభ్రం చేసి బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. బండి వచ్చిన సాయంత్రం, పాలు పోసేవాళ్లందరూ ఉన్నప్పుడు, నేను లేచి నిలబడి పుస్తకం చదివాను. ఏ తేదీన మీటరు ఎంత, షెడ్డులో చెప్పిన అంకె ఎంత, రెండూ ఎలా కలిశాయి. మరదల్ని కబురు పెట్టి మరీ రప్పించాను. అంతా శ్రద్ధగా విన్నారు. "అయితే సిన్నిల్లు నేదన్నమాట!" అని వెనక గొంతు మళ్లీ లేచింది. మళ్లీ నవ్వారు.

మరదలు నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "నోటితో అన్నదానికి పుస్తకం సదువుతావేటి వదినా?"

తప్పయింది అన్న రెండు ముక్కలు అక్కడే, ఆ పదకొండు మంది ముందే అనాల్సింది. లెక్క అప్పజెప్తే సరిపోతుందనుకున్నాను. మూడు రోజులు పోయాక వాళ్లింటికెళ్లి అన్నాను. అప్పుడు వినడానికి వాళ్లిద్దరే ఉన్నారు. "పోనీలే అప్పా, కూకో," అన్నాడు తమ్ముడు. మరదలు పీట వేసింది. టీ ఇచ్చింది. ఏ లోటూ చేయలేదు.

ఇప్పుడు ఊళ్లలో ఇంజను ఆపడం లేదు. పుస్తకంలో మీటరు గడి కూడా తీసేశాను. అయినా దీపం వెలిగిన రోజు వాడు రోడ్డు పక్క నుంచి ఫోన్ చేస్తాడు.

"అప్పా, మసి కాల్చడానికి ఎల్తన్నాను. మీటరు ఇరవయ్యయిదు వేల మూడొందల పది."

"సెప్పక్కర్నేదురా. ఎల్లు."

"సెప్తే మంచిది కదా."

వాడిప్పుడు ఒంటరిగా హైవే ఎక్కడు; వెళ్లే ముందు బండిని ఇంటి దగ్గర ఆపి మరదల్ని ఎక్కించుకుంటాడు. ఆమెకు ఆ బండి కుదుపు పడదు, నడుం నొప్పి. అయినా చేతిలో పని వదిలేసి ఎక్కుతుంది. హైవే మీద అరగంట వెళ్లి, అరగంటలో తిరిగొస్తారు. ముసలాడు పెళ్లాన్ని షికారు తిప్పుతున్నాడని ఊళ్లో వాళ్లకు సరదా. ఆమె అద్దంలోంచి ముందుకే చూస్తూ మా కేంద్రం దాటిపోతుంది. ఆ సీట్లో ఆమె ఎందుకు కూర్చుందో మా ముగ్గురికీ తెలుసు.