పదో గ్రహానికి పల్లీలు

వనపర్తి బస్టాండు వెనక జాతకాలు చూసే నిరంజన్ పంతులు ఇరవయ్యేళ్లలో ఒక్క తప్పూ చేయలేదు. జరిగిన తప్పులన్నీ శని చేశాడు, రాహువు చేశాడు, ఒక్కోసారి అడిగినవాడి మేనమామ చేశాడు.

మొన్న వేసవిలో పెబ్బేరు రైతు దశరథం వచ్చి, పంచాంగం మీద ప్లాస్టిక్ కవరు బోర్లించాడు. తెల్లటి రాతిపొడి. పంతులు పెట్టిన ముహూర్తానికి, పంతులు చూపిన మూలన వేసిన బోరులోంచి వచ్చింది అంతే.

"నీళ్లు పడ్తయంటివి. పౌడర్ పడ్డది. ఇగ సంతలనే జెప్త."

పెబ్బేరు పశువుల సంతలో పొద్దున అన్న మాట సాయంత్రానికల్లా గద్వాల, నాగర్‌కర్నూల్ చేరుతుంది. ఎద్దుకైనా పంతులుకైనా అక్కడ పేరు పోతే మళ్లీ రాదు. శని, రాహువులను అంతకుముందు దశరథం పొలంలోనే ఎండిన రెండు బోర్లకు వాడేశాడు. నిరంజన్ దిక్కుతోచక పైకప్పు వైపు చూశాడు.

ఆ పైన మేడ మీద, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సుహాసిని అద్దెకుంటుంది. నెప్ట్యూన్ అవతల పెద్ద గ్రహం ఒకటి ఉండొచ్చని, అక్కడి మంచు గోళాలు కొన్ని ఒకే పక్కకు ఒరిగి తిరుగుతుండడం దానివల్లేనేమోనని, అది మాత్రం ఎవరికీ కనబడలేదని ముందురోజే మెట్ల మీద చెప్పింది. కనబడకుండా దారి తప్పించేది. ఒక జ్యోతిష్కుడికి ఇంతకంటే ఏం కావాలి?

"నా లెక్కల తప్పు లేదు దశరథం. అవుతల ఇంకో గ్రహమున్నది. సైంటిస్టులకే దొరుకుతలేదు, నేనెట్ల గుణిస్త?"

దశరథం సుహాసినిని కిందికి పిలిచి అడిగాడు. "ఉండొచ్చు. తొమ్మిదో గ్రహం అంటున్నరు," అందామె.

"తొమ్మిది ఎప్పుడో నిండినయ్ బిడ్డా," అని పంతులు సవరించాడు. "రాహుకేతువులు మీ లెక్కల లేరు. గిది పదోది."

"మరి దానికి ఏ ధాన్యం?" అన్నాడు దశరథం.

నవధాన్యాలు తొమ్మిదీ తొమ్మిది గ్రహాలకు ఎప్పుడో పంచేశారు. పంతులు కిటికీలోంచి చూశాడు. ఎదురుగా బండి మీద ఉడకేసిన పల్లికాయ పొగలు కక్కుతోంది.

"పల్లీలు," అన్నాడు.

అప్పటినుంచి తప్పిన సంబంధాలు, పరీక్షలు, పాలివ్వని బర్రెలు అన్నీ పదో గ్రహం నెత్తికే చుట్టుకున్నాయి. ఇంటినిండా పల్లీల సంచులు.

"పొద్దుమాపు పల్లిచట్నీయేనా?" అంది భార్య జోగులమ్మ. "జర కందిపప్పు గ్రహాన్ని గూడ యాది చెయ్."

అంతా సాఫీగా సాగుతుండగా సుహాసిని ఇంకో కబురు చెప్పింది. చిలీ దేశంలో కొండ మీద కొత్త టెలిస్కోపు ఆకాశాన్ని మళ్లీ మళ్లీ ఫోటోలు తీస్తోందట. గ్రహం ఉంటే కొన్నేళ్లలో దొరకొచ్చట. ఆ పూట పంతులుకు చట్నీ కూడా దిగలేదు. ఇక రోజూ పొద్దున్నే మెట్ల దగ్గర కాపు కాయడమే. "బిడ్డా, దొరకలేదు గద?"

శ్రావణంలో దశరథం నిండు సంచితో దిగాడు.

"దొరుకుతదని మేడం జెప్పింది. అది లెక్కలకొస్తే ఇగ నీ మాట తప్పది గద పంతులూ? అప్పుడే బోరేస్త. అందాక సంతల నోరు తెర్వ. తప్పిందనుకో, మైకు వెట్టి జెప్త. ఇగ పూజ చెయ్."

"ఏమని?"

"గ్రహం జల్ది దొరకాలెనని."

పంతులు పల్లీల మీద అక్షతలు చల్లి, దశరథం పేరూ గోత్రమూ చెప్పి, గ్రహం శీఘ్రంగా దొరకాలని గట్టిగా సంకల్పం చదివాడు. తర్వాత కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతూ ఇంకేదో చదివాడు. అంత భక్తిగా ఆయన పూజ చేయడం జోగులమ్మ ఎన్నడూ చూడలేదు.