సత్తు పడవ అడుగున మైలుతుత్తం

ఈ మాట ఏళ్ల తరబడి నా గుండెల మీద బండలాగా ఉంది. అలాగని ఆ బరువు రోజంతా ఉంటుందని అబద్ధం చెప్పను. పొద్దున్నే ఇడ్లీ వాయి దించుతాను, చట్నీకి తాలింపు వేస్తాను, బండి దగ్గరికి వచ్చినవాళ్లతో పరాచికాలాడతాను. అప్పుడేమీ ఉండదు. మా ఆయన ఏదైనా విరిగిన వస్తువు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, షాపులో ఇచ్చెయ్ అని పక్కన పెట్టేస్తాడు చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఆ పూట నాకు అన్నం సరిగ్గా దిగదు.

నేనెవరో చెప్పను. మాది గురజాల. ఇక్కడ టిఫిన్ బండ్లు చాలా ఉన్నాయి, వెతికినా నేను దొరకను. మీరెవరో నాకూ తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్లకు చెబితే ఊరుకోమ్మా అని ఓదారుస్తారు, లేదంటే సాయంత్రానికల్లా మా ఆయన చెవిన వేస్తారు. నాకు ఆ రెండూ వద్దు. మీరు వింటే చాలు.

నా మొగుడి పడవకు నేను చిల్లులు పెట్టాను. పొరపాటున కాదు, కావాలనే.

మాది చేపలు పట్టే ఇల్లు. కృష్ణ ఒడ్డున ఉండేది మా ఊరు. పులిచింతల ప్రాజెక్టు నీళ్లు నిలిచాక ఊరు మునిగింది. మావాళ్లంతా కొత్త కాలనీకి పోయి, అక్కడి నుంచే వేటకు పోతున్నారు. మేమిద్దరం మాత్రం గురజాల వచ్చి పడ్డాం. అది నా పట్టుదల. ఏటి మీద మా ఆయన చేసేది మగవాడి పని, దొరపని అనే అంటాను. వల వేస్తాడు, చల్లగాలి తగులుతుంది, తన ఇష్టమొచ్చినప్పుడు ఒడ్డుకు వస్తాడు. ఆ తర్వాత చేపల తట్ట నా నెత్తికెక్కేది. తట్టలోంచి నీళ్లు మెడ మీదుగా జాకెట్లోకి కారుతుంటే ఊరూరూ తిరిగేదాన్ని. గుమ్మం ముందు నిలబడితే, "ఏమే చేపలదానా, అవతల నిలబడి చూపియ్" అనేవాళ్లు. ఎంత తోముకున్నా చేతుల వాసన పోయేది కాదు. గురజాలలో బండి పెట్టిన మొదటి వారంలో ఒక టీచరమ్మ నన్ను అక్కా అని పిలిచి రెండు ఇడ్లీలు అడిగింది. ఆ పిలుపు నాకు చంద్రహారం వేసినట్టుంది.

మా ఆయన మారు మాట్లాడకుండా నాతో వచ్చాడు. పిండి రుబ్బాడు, నీళ్లు మోశాడు, ప్లేట్లు కడిగాడు. ఖాళీ దొరికితే ఎవరిదో ఒకరి వస్తువు ముందేసుకుని కూర్చునేవాడు. కుక్కర్ పిడి, గేటు బందులు, సైకిల్ స్టాండు, ఇనప మంచం, ఏదైనా సరే. మా వీధిలో ఆడవాళ్లు ఏది విరిగినా మా ఇంటికే తెచ్చేవాళ్లు. మీ ఆయనది మంచి చెయ్యి అక్కా అనేవాళ్లు. నాకూ గొప్పగానే ఉండేది.

మా ఆడబిడ్డది బెల్లంకొండ దగ్గర పల్లెటూరు. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు పోయాం. అక్కడ కొట్టంలో గేదెలు కుడితి తాగుతున్న తొట్టి దగ్గర మా ఆయన ఆగిపోయాడు. అది తొట్టి కాదు, మా మామగారి సత్తు పడవ. అల్యూమినియం అంటారే, మేం సత్తు అంటాం. అందరివీ చెక్క పడవలు, గుండ్రటి బుట్టల్లాంటి పుట్టీలు అయిన రోజుల్లో మా మామ ఎక్కడి నుంచో దాన్ని తెచ్చాడట. ఇద్దరు ఎత్తితే లేచేదట. ఏటి పొడుగునా దాన్ని చూసి కుళ్లుకునేవాళ్లట. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని పాచిని గోటితో గీకాడు. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్నాడే గానీ ఏం తిన్నాడో తనకే తెలియదు. వారం తిరక్కుండా గేదెలకు సిమెంటు తొట్టి కొనిచ్చి, పడవను ట్రాక్టర్లో వేసుకుని ఇంటికి తెచ్చాడు. బజారంతా నవ్వింది. కృష్ణ ఇక్కడి దాకా వస్తుందని కబురందిందా అని హోటలాయన అడిగాడు. నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలమంతా ఇంటి వెనక ఖాళీ జాగాలో, పాత టైర్ల మీద పడవ బోర్లా పడి ఉండేది. టిఫిన్లు అయిపోవడం ఆలస్యం, మా ఆయన అక్కడికి పోయేవాడు. ఎప్పటివో తారు పొరలు, రంగు పొరలు గీకాడు. సొట్టలకు లోపల ఇసక మూట ఆనించి, పైన కొయ్య సుత్తితో చిన్నగా కొట్టేవాడు. అరిగిన రివిట్లు ఊడదీసి కొత్తవి కొట్టాడు. మూల చిరిగిన చోట సత్తు రేకు కత్తిరించి, కింద రబ్బరు పెట్టి బిగించాడు. నేను మజ్జిగ తీసుకుపోతే చిన్నపిల్లకు చెప్పినట్టు అన్నీ చెప్పేవాడు. సత్తు మెత్తంది గానీ మొండిదట. ఇనుము, రాగి మాత్రం దానికి తగలనివ్వకూడదట, తగిలితే తినేస్తాయట. నేను తలూపాను. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు. ఎట్లా తెలుసో చెప్తాను.

పని అయ్యాక పడవను వెల్లకిలా తిప్పి, లోపల పైపుతో నిండా నీళ్లు పట్టాడు. లోపలి నీళ్లు బయటికి రాకపోతే, బయటి నీళ్లు లోపలికి రావు. పొద్దుపోయేదాకా కింద దూరి చూశాడు. మర్నాడు మళ్లీ చూసి నన్ను కేకేశాడు. నా చెయ్యి పట్టుకుని పడవ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా రాయించాడు. పొడిగా ఉంది. అంత సంతోషం ఆయన ముఖంలో నేను మళ్లీ చూడలేదు. వానలు పడి నీళ్లు నిండగానే కాలనీకి పోదాం అన్నాడు. ఈ బండి ఎవరికైనా ఇచ్చేసి మళ్లీ మనవాళ్ల మధ్య బతుకుదాం, తను చేపలు పడతాడట, నేను అమ్మాలట. ఇదంతా నాకేదో పట్టుచీర తెచ్చినట్టు చెప్పాడు. నేను చూద్దాంలే అన్నాను. నా నెత్తి మీద తట్ట బరువు అప్పుడే తెలిసింది.

వద్దని నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతుంటాను. పదిమందిలో ఎవరినైనా కడిగేసే నోరు నాది. ఆ ఒక్క మాటకు ఎందుకు రాలేదు? చెబితే వినేవాడు. అదే నాకు గిట్టలేదు. నా మాట విని మానుకుంటే, బతికినన్నాళ్లూ నా వల్లే మానుకున్నాడని నాకూ తెలుస్తుంది, ఆయనకూ తెలుస్తుంది. తనంతట తనే మానుకుంటే నా మీద పడదు. ఇదీ నా తెలివి.

గురజాల వచ్చిన కొత్తలో మిరప నారుమళ్లలో కూలికి పోయేదాన్ని. నారు కుళ్లకుండా మైలుతుత్తం, అదే రాగితో చేసే నీలం మందు, నీళ్లలో కలిపి పోసేవాళ్లు. ఒకసారి ఒకామె ప్లాస్టిక్ డ్రమ్ము దొరక్క సత్తు బిందెలో కలిపితే రైతు తిట్టిపోశాడు. నిజంగానే ఆ బిందె తర్వాత జల్లెడైంది. ఇక ఉప్పు పడితే సత్తు గిన్నె గుంటలు పడుతుందని ఏ ఆడదానికైనా తెలుసు. పురుగుమందుల షాపుకు పోయి, నిమ్మచెట్టుకని చెప్పి మైలుతుత్తం తెచ్చాను. మా ఆయన కూరగాయలకు పోయిన టైం చూసి, ఉప్పు కలిపి, పడవలో వెనక పలక ఎత్తి పోశాను. అక్కడ పైపుతో పట్టిన నీళ్లు కొంచెం, మట్టి మిగిలి ఉన్నాయి, నీలం రంగు అందులో కలిసిపోయింది. పలక మళ్లీ పెట్టేసి, వచ్చి ఉల్లిపాయలు తరిగాను.

కొన్నాళ్లకు అడుగున సూది బెజ్జాలు కనిపించాయి. చుట్టూ ఎర్రటి రాగి మరకలు. తుప్పు అనుకున్నాడు, ఎక్కడో ఇనప రివిట్ వదిలేశానని తనను తనే తిట్టుకున్నాడు. మళ్లీ రేకు వేశాడు. నేను మళ్లీ పోశాను. రేకు మంచిది కాదన్నాడు, రబ్బరు మంచిది కాదన్నాడు, అమ్మినవాణ్ని తిట్టాడు. అందరి మీదా అనుమానం పోయింది గానీ నా మీదకు రాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పడవ కింద దూరి బెజ్జాలు వెతికేటప్పుడు నన్ను టార్చి పట్టుకోమనేవాడు. పట్టుకున్నాను. బెజ్జం ఎక్కడుందో తెలిసి కూడా ఆయన చూపించమన్న చోటికే చూపించాను.

వానలు వచ్చాయి. కనిపించినవన్నీ పూడ్చి, ఆయన పడవను నీళ్ల దగ్గరికి తీసుకుపోయాడు. అన్నీ ఆయనకు కనిపించలేదని నాకు తెలుసు. కాలనీ వాళ్లంతా వచ్చారు. ఆడబిడ్డ పసుపు కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టారు. ఆయన తెడ్డు వేసుకుంటూ పోయాడు. ఎంతో దూరం పోకముందే తెడ్డు వదిలి మగ్గుతో నీళ్లు తోడటం మొదలుపెట్టాడు. చివరికి నీళ్లలోకి దిగి, పడవ అంచు పట్టుకుని ఈదుతూ ఒడ్డుకు లాక్కొచ్చాడు. పడవ చేయమంటే జల్లెడ చేశావేంది బావా అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను.

చాలా ఏళ్లు నాకు నేను ఒక సాకు చెప్పుకున్నాను. ఏరంటే భయం, మా ఆయన ప్రాణం కోసమే చేశాను అని. బాగుంది కదా వినడానికి? ఎవరైనా కళ్లు తుడుచుకుంటారు. కానీ ఏరంటే భయమైనదాన్ని, చిల్లులున్న పడవ ఎక్కి ఆయన నడి నీళ్లలోకి పోతుంటే ఎట్లా చూస్తూ నిలబడ్డాను? ఈతగాడులే అనుకున్నాను. అంటే భయం లేదు. భయపడింది తట్టకు. నాకు నచ్చిన బతుకు నాకు కావాలి, దానికి ఆయన అడ్డు వచ్చాడు. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు, వెతకడం కూడా మానేశాను.

పోనీ అంతటితో ఆగినా బాగుండేది. ఒక పడవ పోతే పోయింది, సత్తు రేకే కదా. అసలు తప్పు ఆ సాయంత్రం చేశాను. ఇంటికొచ్చాక ఆయన వెనక గుమ్మంలో కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు.

"ఏమే, నా చేతిలో పని పోయిందే" అన్నాడు.

నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి అదను మళ్లీ రాదు.

"వయసు మీద పడితే ఎవరికైనా పోద్దయ్యా. ఇంక చాలించు" అన్నాను.

"అంతేనంటావా?"

"అంతే మరి. చూశావుగా."

ఆయన తలూపాడు. నా మాట మీద ఆయనకు ఎప్పుడూ గురి ఎక్కువ. కాసేపటికి లేచి సుత్తి, రివిట్లు అన్నీ ఒక గోతంలో వేసి మూతి కట్టాడు. పడవను పాత ఇనప సామాన్లవాడు ముక్కలు చేసి పట్టుకుపోయాడు. ఆ గోతం మళ్లీ విప్పలేదు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఏది విరిగినా షాపుకే. గ్రైండర్ బెల్టు ఊడితే మెకానిక్‌ను పిలుస్తాడు. మొదట్లో వీధిలో ఆడవాళ్లు కుక్కర్లు తెచ్చారు, నా వల్ల కాదమ్మా అని పంపేశాడు. తర్వాత తేవడం మానేశారు. ఆయన దిగులుగా తిరగడు, తాగడు, నన్ను పల్లెత్తు మాట అనడు. పిండి రుబ్బుతాడు, ప్లేట్లు కడుగుతాడు. బండి బాగా నడుస్తోంది, నన్ను అందరూ అక్కా అనే అంటున్నారు. నేను కోరుకున్నదంతా నాకు దక్కింది. అది నాకు ఇష్టమే, ఈ రోజుకీ తట్ట ఎత్తమంటే ఎత్తను. అదీ ఒప్పుకుంటున్నాను.

మొన్న ఆడబిడ్డ మొగుడు ఫోన్ చేశాడు. కాలనీలో ఇప్పుడు సత్తు పడవలు వచ్చాయట, సొట్టలు తీసే మనిషి లేడట, వారానికి ఒకరోజు వచ్చిపొమ్మన్నాడు. స్పీకర్‌లో అంతా వింటున్నాను. వారానికి ఒకరోజే, బండికీ ఇబ్బంది లేదు. మా ఆయన మాత్రం, "నా చెయ్యి మంచిది కాదు బావా, ఇంకెవరినన్నా చూసుకోండి" అన్నాడు. ఫోన్ పెట్టేసి శనగపప్పు నానబోయడానికి పోయాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనకు చెప్పొచ్చు. కోపం వస్తుందని భయం లేదు, వస్తే పడతాను. కొడితే కొట్టనీ, వదిలేసి పోతే పోనీ. నా భయం వేరే. నేను చెబితే నమ్మడు. తను మనసు కష్టపెట్టుకున్నాడని చూసి ఏదో కల్పించి చెబుతున్నాననుకుంటాడు. ఊరుకోవే, నాకోసం లేనిపోని నింద నెత్తినేసుకోకు అంటాడు. పైగా నన్నే మంచిదాన్ని అనుకుంటాడు. అది నేను భరించలేను. అయినా ఒకరోజు చెప్పి చూస్తాను. ఎప్పుడని అడగొద్దు.

మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు, మీకు నేనేం చేశానని. తిట్టుకుంటే తిట్టుకోండి. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అది నిజం. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ పడవను మా ఆయన బాగా చేశాడు. నా చేత్తో తడిమి చూశాను, చుక్క కూడా కారలేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.