తాడు ఎత్తింది నేనే

లద్దాఖ్ సరిహద్దులో, ఒక సరస్సు ఒడ్డున ఉన్న సైనిక పోస్టుకు మే నెలాఖరున, ఉదయం పదకొండు గంటలకు చేరాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. పడమటి గాలి. వీపున ఇరవై రెండు కిలోల సామాను. పది అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

హవల్దార్ ఆదేశాలు రెండే. పర్యాటకుల పత్రాలు చూడాలి. నీలం తాడు దాటి ఏ వాహనమూ పోరాదు. తాడుకు అవతల బురదనేల. రెండు వందల అడుగుల దూరంలో నల్లమెడ కొంగల జంట గూడు, అందులో రెండు గుడ్లు.

"ఈ పోస్టులో కుటుంబంతో ఉండే అనుమతి ఆ జంటకొక్కదానికే దొరికింది," అని నవ్వేవాడు రేడియో ఆపరేటర్. అతనిది గఢ్వాల్. మా మాటలన్నీ హిందీలోనే. తెలుగు విని నాకు ఎనిమిది నెలలైంది.

పద్దెనిమిదో రోజు, మధ్యాహ్నం రెండూ పదికి తెల్ల కారొకటి వచ్చి ఆగింది. లోపల నలుగురు.

"ఒరేయ్, ఇక్కడ గూడా తాడేందిరా!"

తెలుగు! కారు కిటికీ దగ్గరికి వంగాను. "ఏ ఊరన్నా మీది?"

"నరసరావుపేట. నీది?"

"రొంపిచెర్ల."

"ఓర్నీ, మనోడేరా! తమ్ముడూ, నీళ్ల దాకా పోయి ఒక్క వీడియో తీసుకొస్తాం."

"అక్కడ గూడుందన్నా. బండి ఇక్కడే పెట్టి నడిచి పోండి."

"చానా దూరం నుంచి వచ్చాం తమ్ముడూ. మనోళ్లక్కూడా రూల్సేనా?"

నిబంధనకు మినహాయింపు ఉండరాదని డిగ్రీలో వక్తృత్వ పోటీలో వాదించి బహుమతి గెలిచినవాణ్ణి నేను. అయినా, బురదకు కుడివైపున్న గట్టు మీదుగానే పొమ్మని చెప్పి, నా చేతితో నేనే తాడు ఎత్తాను.

కారు నేరుగా గూటి వైపే పోయింది. కొంగ ఎగిరితే వీడియో బాగుంటుందని హారన్ కొట్టారు. మగ కొంగ రెక్కలు విప్పి కారుకు ఎదురు నిలిచింది. "మీదకే వస్తందిరో!" అని పగలబడి నవ్వారు. ముందు చక్రం గూటి మీదికెక్కి దిగబడింది.

నేను పరుగెత్తుతున్నాను. రేడియోలో హవల్దార్ గొంతు: "బురదలో వాహనం. ఎవరు వదిలారు?"

"నేనే, సర్."

కారును బయటికి నెట్టింది కూడా మేమే. గట్టెక్కినందుకు వాళ్లు అక్కడే కొబ్బరికాయ కొట్టారు. నాకు ఒక చిప్ప అందించబోయారు.

"గుడ్లు చితికిపోయాయన్నా," అన్నాను.

"పక్షే గదా తమ్ముడూ. మళ్లీ పెడుద్ది."

అక్కడ వేసవి పొట్టిది. మళ్లీ పెట్టినా, పిల్ల రెక్కలు ముదిరేలోపే మంచు పడుతుంది. ఆ సంగతి చెబితే, "మరీ ఇదైపోతున్నావేంది!" అన్నారు.

ఇంటి ముందు ముగ్గు మీద ఎవడైనా టైరెక్కిస్తే వీధి దద్దరిల్లేలా తిడతాం. అది మన వాకిలి. అందరిదీ అయిన చోట మాత్రం మర్యాద ఎవరికీ బాకీ లేమనుకుంటాం. అడ్డుపడినవాడు మన ఊరివాడైతే అడ్డే లేదనుకుంటాం. ఆ నమ్మకాన్ని ఆ రోజు నిజం చేసింది నేను. హవల్దార్ వేసిన పద్నాలుగు రోజుల అదనపు గస్తీ నాకు తక్కువే.

సర్వీసు ముగిసి రొంపిచెర్ల వచ్చాను. సరిహద్దులో ఏం చూశావని అందరూ అడుగుతారు. చూసింది ఇదే. ఆ సాయంత్రం ఆడ కొంగ టైరు చాలులోకి దిగింది. గడ్డిపరక ముక్కున పట్టి తెచ్చి, పగిలిన పెంకుల చుట్టూ పేర్చింది. ఇంకొకటి తెచ్చింది. తర్వాత కాళ్లు మడిచి, ఆ పెంకుల మీద కూర్చుంది.