ఎర్ర కారుకు డీజిల్ అభిషేకం

మొన్న ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోతుంటే, స్పీడ్ బ్రేకరు దాటినప్పుడల్లా మా అబ్బాయి కారు కింద టకటకమని చప్పుడు వచ్చింది. నంద్యాలలో షెడ్డుకు తీసుకుపోతే బుష్షులు అరిగిపోయాయని చెప్పి, మేం భోంచేసి వచ్చేలోగా కొత్తవి వేసి ఇచ్చేశారు. ఇంత సులువా ఈ పని, అని నేను నోరెళ్లబెట్టాను. మా ఆయన మనసు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు, నాదీ అక్కడికే పోయింది మరి.

మా పెళ్లయిన కొత్తలో మా ఆయనకు నా మీద ఎంత ప్రేమ ఉండేదో చెప్పలేను గానీ, తన ఎర్ర కారు మీద మాత్రం పిచ్చి ఉండేది. రెండే తలుపులు, ఇద్దరికే చోటు, నేలను కరుచుకున్నట్టుండే పాత స్పోర్ట్స్ కారు, బెంగుళూరులో ఎన్ని చేతులు మారి మా ఇంటికి చేరిందో ఏమో. మా మామకు ఇళ్లలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు తోలే లారీలుండేవి. మూట వేసుకోవడానికి చోటు లేనిది కూడా ఒక బండేనా అని ఆయన దాని వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. మేమిద్దరం అందులో కూర్చుని బయల్దేరితే, అరుగు మీద కూర్చున్న మామ కాస్తా ముఖం అటు తిప్పుకునేవాడు. తండ్రి ఒక్కసారి ఆ కారును బాగుందంటే చాలునని మా ఆయన లోలోపల ఎంత ఆశపడేవాడో నాకొక్కదానికే తెలుసు.

చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతుల చివర రబ్బరు బుష్షులుంటాయి, గుంతలో పడ్డప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా దెబ్బను మింగేది అవే. ఆ కారుకు అవి అరిగిపోయి, ఆళ్లగడ్డ దాటకముందే ఒళ్లు హూనమయ్యేది. మా ఆయన ఎందరినో బతిమాలి, ఎన్నాళ్లో ఎదురుచూసి మద్రాసు నుంచి ఒక్క జత తెప్పించాడు. ఇంకో జత దొరకదని పంపినవాళ్లు ముందే చెప్పారు. నంద్యాల మేస్త్రీ వాటిని ఎక్కించి, రబ్బరుకు నూనె, డీజిలు తగలనీయొద్దని మరీ మరీ చెప్పి పంపాడు. ఆ రోజు తిరిగి వస్తుంటే కారు ఎంత మెత్తగా నడిచిందనుకున్నారు, నేను నిద్రపోయాను కూడా!

మా ఇంట్లో అమావాస్య వచ్చిందంటే లారీలకు పండగ. కడిగించి, తుప్పు పట్టకుండా కిందంతా డీజిలు కొట్టించి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేవారు. ఆ అమావాస్యకు మేమిద్దరం చాగలమర్రిలో చుట్టాల ఇంటికి బస్సులో పోయి వచ్చేసరికి, లారీల పక్కన ఎర్ర కారు కూడా తళతళలాడుతూ నిలబడి ఉంది, ముందు పసుపూ కుంకుమా, కింద బొట్టుబొట్టుగా కారుతున్న డీజిలు. మా మామ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏం రా, నీ బండికీ కొట్టించినా. అదీ మన ఇంటి బండే గదా!"

అయ్యో దేవుడా అనుకున్నాను. మా ఆయన ఒకసారి కారు కిందికి, ఒకసారి తండ్రి ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్లకు తండ్రి తన కారును మన ఇంటిదన్నాడు, ఆ నోటి ముందు నువ్వు చేసింది తప్పు అని ఎట్లా చెబుతాడు? చెబితే ఆ సంతోషం పోతుంది, చెప్పకపోతే కారు పోతుంది.

ఆ తర్వాత ప్రతి అమావాస్యకూ అదే అభిషేకం. మధ్యాహ్నం మామ కునుకు తీసే వేళకు మా ఆయన గుడ్డపేలిక పట్టుకుని కారు కింద దూరేవాడు, నేను గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ కాపలా కాసేదాన్ని. ఎంత తుడిస్తే ఏం లాభం, అప్పటికే రబ్బరు తాగేసేది. ఉండబట్టలేక ఒకసారి నేనే, రబ్బరుకు డీజిలు పడదంట మామా, అన్నాను.

"యాడ విన్యావమ్మా ఆ మాట? మీసాలు రాకముందు నుంచీ కొట్టిస్తాండా. ఏ లారీకేమైంది?" అని నవ్వేశాడు. లారీ కింద ఉండేవి ఇనుప పట్టీలు, వాటి సంగతి వేరు, అయినా నేనూ ఆయనతో పాటు నవ్వేసి లోపలికి పోయాను.

ఏడాది తిరక్కుండానే బుష్షులు ఉబ్బి, పగిలి, ముక్కలుగా రాలిపోయాయి. పాత టైరు రబ్బరు కోసి పెట్టించినా కారు ఎగిరెగిరి పడేదే తప్ప కుదురుగా నడవలేదు. చివరికి గుండె రాయి చేసుకుని, బెంగుళూరు మనిషికి ఇచ్చేశాడు మా ఆయన. అది కదిలే ముందు మామే టెంకాయ కొట్టాడు, కళ్లు తుడుచుకుంటూ కొన్నాయన చెయ్యి పట్టుకుని, "తప్పకుండా డీజిలు కొట్టియ్యప్పా, మావోనికి దాన్ని చూసుకోను చేతకాల్యా" అన్నాడు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మామ పోయేదాకా ఆ సంగతి ఆయనకు మేం చెప్పనే లేదు.

మొన్న నంద్యాల నుంచి ఇంటికి చేరాక, మా ఆయన వంగి కారు కిందికి చూసి, కొత్త రబ్బరు మీద బురద పడిందని గుడ్డతో తుడవబోయాడు. లోపలి నుంచి వచ్చిన మా అబ్బాయి, "నాయనా, నీకు తెల్దు, దాన్ని ముట్టాకు" అనేసి, ఫోను మాట్లాడుకుంటూ పోయాడు. వాడిలో చెడ్డతనం ఏమీ లేదు, ఈ కాలం పిల్లలందరూ ఉన్నది ఉన్నట్టు అనేస్తారు. ఆనాడు మేమూ అట్లా అనగలిగి ఉంటే మా కారు మాకు మిగిలేదేమో కూడా. మా ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, లోపలికొచ్చి, కాసిని మంచినీళ్లు ఇమ్మన్నాడు.